జాగ్రత్త: ‘కండబలంతో రెక్కలాడించి ఎగరొచ్చు’ అని అమ్మే కిట్లు కొనేముందు ఇది చదవండి

ఆర్నితాప్టర్ (పక్షిలా రెక్కలాడిస్తూ ఎగిరే యంత్రం) కిట్ల మీద మోజుపడుతున్న మిత్రులారా, దయచేసి వీడియో ఒక్కటి చూసి డబ్బు కట్టకండి. ‘మోటారు లేదు, ప్రొపెల్లర్ లేదు, మీ కాళ్ల బలం చాలు’ అన్న ప్రకటన నమ్మి ఒక విదేశీ అమ్మకందారు దగ్గర నేను కొన్నాను. పెట్టె విప్పితే రెక్కకు వెన్నెముకలా ఉండాల్సిన దూలం ఉత్త అల్యూమినియం గొట్టం. మోకాలికి ఆనించి కాస్త నొక్కగానే వంగింది, మళ్లీ తిన్నగా అవలేదు. డ్రాయింగుల చివరి పేజీలో, సీటు వెనకాల చిన్న పెట్టె గీసి ‘సహాయక మోటారు, విడిగా కొనుక్కోవాలి’ అని రాసి ఉంది. ఇదేంటని అడిగితే ‘మనిషి కూడా తొక్కుతాడు కదా’ అన్నారు. డబ్బు వాపసు అడిగాక ఆ జవాబులూ ఆగిపోయాయి.

ఆ వీడియో కూడా మళ్లీ నిదానంగా చూశాను. రెక్కలు ఆడుతూనే ఉన్నాయి, యంత్రం మాత్రం గుట్ట మీది నుంచి కిందికే దిగుతోంది. దాన్ని గ్లైడింగ్ అంటారు. మీటరు ఎత్తు కోల్పోయి 20 మీటర్లు ముందుకు పోగల మంచి గ్లైడర్ 5 మీటర్ల ఎత్తు నుంచి ఏ బలమూ లేకుండానే 100 మీటర్లు పోతుంది. అందుకే ఎంత దూరం పోయిందన్నది రుజువు కాదు. ఎత్తూ వేగమూ రెండూ తగ్గకుండా నిలిచాయా అన్నదే అసలు ప్రశ్న.

ఆ పరీక్ష నెగ్గిన యంత్రం టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ల ‘స్నోబర్డ్’. 2010 ఆగస్టు 2న కెనడాలోని ఒంటారియోలో పైలట్ టాడ్ రీచెర్ట్ దాన్ని 19.3 సెకన్లు, 145 మీటర్లు నడిపాడు. కాళ్లతో బార్‌ను తన్నితే తీగలు రెక్కల్ని కిందికి లాగుతాయి. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి 32 మీటర్లు, దాదాపు ఒక బోయింగ్ 737కి ఉన్నంత! యంత్రం బరువు మాత్రం 43 కిలోలే. నాకు వచ్చిన కిట్ రెక్కలు 8 మీటర్లు. ఇక మీరే లెక్కేసుకోండి.

స్నోబర్డ్‌ను మొదట కారుకు తాడు కట్టి లాగి పైకి లేపారు, అది లెక్కలోకి రాదని కొందరంటారు. నా ఉద్దేశంలో వస్తుంది. తాడు వదిలాక ఎత్తునూ వేగాన్నీ నిలబెట్టింది పైలట్ కాళ్లే. కానీ తాడు వదిలిన క్షణాన్ని కత్తిరించేసిన వీడియోను మాత్రం అస్సలు నమ్మకండి.

2012లో నెదర్లాండ్స్ నుంచి ఒకాయన చేతులకు రెక్కలు కట్టుకుని పార్కులో ఎగిరిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అది గ్రాఫిక్స్ అని తీసిన కళాకారుడే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ కథలో కూడా చేతుల బలానికి మోటార్లు తోడున్నాయనే చెప్పారు. ఆ క్లిప్పును ఇంకా ప్రకటనల్లో వాడుతున్నారు. అలాగే 1979లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న సముద్రం ఇంగ్లిష్ ఛానెల్‌ను దాటిన గాసమర్ ఆల్బట్రాస్ అనే విమానం పేరు చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది మనిషి తొక్కిందే, గొప్ప విజయమే, కానీ దాన్ని నడిపింది ప్రొపెల్లర్. దానికీ రెక్కలాడించడానికీ సంబంధం లేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు రాతపూర్వకంగా అడగండి: బ్యాటరీ, మోటారు ఎక్కడైనా ఉన్నాయా? గాలి లేని రోజున, సమతల నేల మీద, కోతల్లేకుండా తీసిన వీడియో ఉందా? ఎత్తు, వేగం ఎవరు కొలిచారు? దూలం దేనితో చేశారు? జవాబు దాటవేస్తే అక్కడితో వదిలేయండి. ఇప్పటికే కార్డుతో కట్టి ఉంటే ఈరోజే బ్యాంకులో డిస్‌ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేయండి, గడువు దాటితే వాళ్లు తీసుకోరు. వచ్చిన కిట్‌ను మాత్రం ఎవరూ గుట్టెక్కి పరీక్షించొద్దు. ఆ దూలం మనిషి బరువు మోయదు.