ఇంగ్లండ్ లీగా, స్పెయిన్ లీగా: సొంత కుర్రాడికి ఏది మేలు?

1999 డిసెంబరు 26న సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ దించిన పదకొండు మందిలో ఒక్కరూ బ్రిటన్‌వారు కాదు. ఇంగ్లండ్ లీగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి. జట్టును ఎంపిక చేసింది ఇటలీకి చెందిన కోచ్ జాన్‌లూకా వియాలీ. నార్వే ఆటగాడు ఫ్లో రెండు గోల్స్ కొట్టాడు, చెల్సీ 2-1తో గెలిచింది. అంతకు ఏడేళ్ల ముందు, 1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ పుట్టిన తొలి వారాంతంలో 22 జట్ల తుది పదకొండుల్లో కలిపి చూసినా బ్రిటన్, ఐర్లండ్‌ల బయటివారు 13 మందే.

ఇవాళ ఆ లీగ్‌లో ఆడేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది విదేశీయులు. స్పెయిన్‌లోని లా లిగాలో మాత్రం ఇప్పటికీ సగానికి పైగా స్వదేశీయులే. ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది: చూసే కళ్లకు ఇంగ్లండ్, ఆటగాణ్ణి తయారుచేయడానికి స్పెయిన్. అయితే స్పెయిన్ గొప్పతనం విదేశీయులకు గేటు వేయడంలో ఉందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోలేనిది ఆ మాటనే.

ఐపీఎల్ చూసేవారికి ఈ పరిమితుల సంగతి కొత్త కాదు. తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదు కాబట్టి సన్‌రైజర్స్ అయినా ఎవరినో ఒకరిని బయట కూర్చోబెట్టాల్సిందే. యూరప్ క్లబ్బు పోటీల్లోనూ ఒకప్పుడు ఇలాంటి నిబంధనే ఉండేది: ముగ్గురు విదేశీయులు, వారితోపాటు ఆ దేశంలో చాలాకాలం ఆడిన మరో ఇద్దరు. 1994 నవంబరులో బార్సిలోనా మీద ఆడడానికి వెళ్లిన మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆ లెక్క కుదరలేదు. స్కాట్లండ్, వేల్స్ వారు కూడా విదేశీయుల కిందే వచ్చేవారు మరి. డెన్మార్క్ గోల్‌కీపర్ పీటర్ ష్మైకెల్ ప్రేక్షకుల మధ్య కూర్చుని చూస్తుండగా జట్టు 4-0తో చిత్తయింది.

మరుసటి ఏడాది డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. కేసు వేసింది జాన్ మార్క్ బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడు. 1990లో ఒప్పందం ముగిశాక కూడా లియేజ్ క్లబ్బు డబ్బు కోసం పట్టుబట్టి అతన్ని ఫ్రాన్స్‌కు వెళ్లనివ్వలేదు. అతను గెలిచాక యూరోపియన్ యూనియన్ పౌరులకు అక్కడి లీగ్‌లన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి.

ఇంగ్లండ్ ఆ తెరిచిన తలుపులోంచి ప్రపంచాన్నే పిలిచింది. టీవీ హక్కుల డబ్బు ఉంది కాబట్టి ఎవరినైనా కొనగలిగింది. 2010లో ఒక కట్టడి వచ్చింది: 25 మంది జట్టులో ‘ఇక్కడ ఎదిగినవారు’ కానివాళ్లు 17 మందికి మించకూడదు. ఇక్కడ ఎదగడమంటే 21 ఏళ్లలోపు మూడేళ్లు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బులో ఉండడం. పదహారేళ్లకే ఆర్సెనల్‌కు వచ్చిన స్పెయిన్ కుర్రాడు ఫాబ్రెగాస్ కూడా ఈ లెక్కలో ఇంటివాడే. ఇందులో నాకు నచ్చినది అదే, పుట్టుకను కాకుండా శిక్షణను చూడడం. నిబంధన మంచిదే. అయినా శిక్షణ పొందిన కుర్రాడిని ఆడించి తీరాలని అది చెప్పలేదు.

2017 అక్టోబరులో ఇది మన కళ్లముందే కనిపించింది. పదిహేడేళ్లలోపు ప్రపంచకప్ ఫైనల్ కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగింది. స్పెయిన్ 2-0 ఆధిక్యంలోకి వెళ్లాక ఇంగ్లండ్ కుర్రాళ్లు ఐదు గోల్స్ కొట్టి కప్పు పట్టుకుపోయారు. ఇంగ్లండ్ అకాడమీల మీద పెట్టిన ఖర్చు వృథా కాలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రెండు గోల్స్ కొట్టిన ఫిల్ ఫొడెన్ ఆ టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడయ్యాడు. అంతటివాడికి మాంచెస్టర్ సిటీలో నిలకడైన చోటు దొరకడానికి ఇంచుమించు మూడేళ్లు పట్టింది. అదే అకాడమీలో ఉన్న జేడన్ సాంచో అంతకాలం ఆగలేదు. ఆ వేసవిలోనే జర్మనీలోని డోర్ట్‌మండ్‌కు వెళ్లిపోయాడు. గ్రూపు మ్యాచ్‌లు ముగియగానే అతన్ని భారత్ నుంచి వెనక్కి పిలిపించుకున్నది కూడా ఆ క్లబ్బే. ఇంగ్లండ్‌లో తయారైన కుర్రాడు ఆట కోసం మరో దేశానికి వలస పోవలసి వచ్చింది.

ఇక స్పెయిన్. అక్కడ ఒక్కో జట్టులో యూరోపియన్ యూనియన్ బయటివారు ముగ్గురే ఉండాలి. వినడానికి కఠినంగానే ఉంటుంది కానీ లాటిన్ అమెరికా దేశాలవారు రెండేళ్లు నివసిస్తే స్పెయిన్ పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రియల్ మాడ్రిడ్‌లోని వినీసియస్ 2022లో అలా స్పెయిన్ పౌరుడయ్యాడు. ఆ రోజుతో పరిమితి లెక్కలోంచి అతని పేరు తొలగిపోయింది. ఇంత తేలిగ్గా దాటగలిగే కంచె అక్కడి కుర్రాళ్లను కాపాడుతోందని ఎలా నమ్మాలి?

కాపాడుతున్నది వేరే ఉంది. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల రెండో జట్లు కింది డివిజన్లలో అసలైన లీగ్ ఆడతాయి. పందొమ్మిదేళ్ల కుర్రాడు తన ఈడువాళ్లతో కాదు, ఇల్లు గడవడానికి ఫుట్‌బాల్ ఆడే ముప్ఫై ఏళ్ల డిఫెండర్లతో తలపడతాడు. 2007-08లో గార్డియోలా శిక్షణలో బార్సిలోనా రెండో జట్టు నాలుగో అంచెలో ఆడింది. చిన్న ఊళ్లు, చిన్న మైదానాలు. ఆ జట్టులోని బుస్కెట్స్, పెడ్రో ఇద్దరూ 2010 ప్రపంచకప్ ఫైనల్ తుది పదకొండులో ఉన్నారు. మధ్యలో గడిచింది రెండేళ్లే! ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల జట్లకు వేరే లీగ్ ఉంది, అందులో వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. పెద్దవాళ్లతో నిలకడగా లీగ్ ఆడాలంటే చాలామంది మరో క్లబ్బుకు అరువు వెళ్లాలి.

డబ్బు కొరత కూడా స్పెయిన్‌కు మేలే చేసింది. లీగ్ విధించిన జీతాల పరిమితి వల్ల చాలా క్లబ్బులు కొనలేవు, కాబట్టి పెంచుకుంటాయి.

జర్మనీ గురించి రెండు ముక్కలు. 2006లో అక్కడ విదేశీయుల పరిమితినే ఎత్తేసి, ప్రతి క్లబ్బులో కనీసం 12 మంది జర్మన్లు, 8 మంది స్థానికంగా శిక్షణ పొందినవారు ఉండాలన్నారు. అప్పటికే 2000 యూరో కప్‌లో పరువు పోయి అకాడమీలను తప్పనిసరి చేశారు. 2014లో ప్రపంచకప్ గెలిచారు. ఇటలీది ఇందుకు వ్యతిరేకమైన కథ. 2006లో ప్రపంచకప్ గెలిచిన 23 మందీ సొంత లీగ్‌లో ఆడేవారే. 2010లో ఇంటర్ మిలాన్ యూరప్ విజేత అయినప్పుడు ఫైనల్ తుది జట్టులో ఒక్క ఇటాలియన్ లేడు. 2018, 2022 ప్రపంచకప్‌లకు ఆ దేశం అర్హతే సాధించలేదు. దానికి విదేశీయులొక్కరే కారణమని నేననను, కానీ ఇరవై ఏళ్లలోపు కుర్రాణ్ణి ఆడించడానికి అక్కడి కోచ్‌లు భయపడడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

అసలు జాతీయతను లెక్కించడమే ఎంత కష్టమో ఉత్తర స్పెయిన్‌లోని బిల్బావో వెళితే తెలుస్తుంది. అక్కడి అథ్లెటిక్ క్లబ్ వందేళ్లకు పైగా బాస్క్ ప్రాంతంలో పుట్టినవారితో, లేదా అక్కడ ఆట నేర్చుకున్నవారితోనే ఆడుతోంది. అయినా రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలతోపాటు మొదటి డివిజన్ నుంచి ఎన్నడూ కిందికి జారని మూడో క్లబ్బు అది. 2024 ఏప్రిల్‌లో నలభై ఏళ్ల తర్వాత స్పెయిన్ క్లబ్బుల కప్పు పోటీ కోపా డెల్ రే గెలిచి, ‘గబార్రా’ అనే పాత సరుకుల పడవలో ఆటగాళ్లను నదిమీద ఊరేగించారు. గట్లమీద లక్షల మంది, ఎటు చూసినా ఎరుపు తెలుపు చారలే. ఆ పడవలో ఉన్న విలియమ్స్ అన్నదమ్ముల తల్లిదండ్రులు ఘనా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవారు. అన్న ఇన్యాకి బిల్బావోలో, తమ్ముడు నికో పాంప్లోనాలో పుట్టారు. అన్న ఘనాకు ఆడతాడు, తమ్ముడు స్పెయిన్‌కు. పట్టిక వేసేవాడు ఒకరిని విదేశీయుల గడిలో, మరొకరిని స్వదేశీయుల గడిలో రాయాలి. ఇద్దరినీ తీర్చిదిద్దింది మాత్రం ఒకే క్లబ్బు.

అదే ఏడాది జూలైలో బెర్లిన్‌లో స్పెయిన్, ఇంగ్లండ్ యూరో ఫైనల్ ఆడాయి. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. రెండో అర్ధభాగం మొదలై రెండు నిమిషాలైనా కాలేదు. కుడివైపు నుంచి లమీన్ యమాల్ బంతిని లోపలికి తెచ్చి ఎడమవైపుకు జార్చాడు. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. గోల్ కొట్టినప్పుడల్లా తన పేట పిన్‌కోడ్ చివరి అంకెలు 304 వేళ్లతో చూపించే కుర్రాడు, పదిహేనేళ్లకే బార్సిలోనా పెద్ద జట్టులో ఆడినవాడు. ముందురోజే అతనికి పదిహేడు నిండాయి. ఆ బంతిని నికో విలియమ్స్ ఎడమ కాలితో నేరుగా వలలోకి కొట్టాడు. స్పెయిన్ 2-1తో గెలిచింది.