జెరోము గదిలో ఎండ: నరసాపురంలో తీయించుకున్న ఒక ప్రింటు

ఫొటోలకు ఫ్రేములు కట్టి, పెద్ద ప్రింట్లు కూడా తీసి ఇచ్చే నరసాపురంలోని ఒక దుకాణంలో, జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన, క్రైస్తవ పండితుడు పునీత జెరోము తన గదిలో రాసుకుంటున్న చిత్రానికి గత నెల ప్రతి తీయించుకున్నాను. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఉచితంగా అందించే పెద్ద ఫైలునే పెన్‌డ్రైవులో ఇచ్చాను.

మొదటి ప్రతి నిరాశపరిచింది. అసలు చిత్రం ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లే కాగా, గోడకు నిండుగా ఉంటుందని దానిని రెండడుగులకు పెంచి, కాంట్రాస్టు హెచ్చించి, పెళ్లి ఫొటోలకు వాడే మెరుపు కాగితం మీద తీశారు. ఈ చిత్రంలో బూడిదరంగు అన్నదే లేదు. సిరా గీత, గీతల నడుమ మిగిలిన కాగితం, అంతే. ఉలి లోతుగా దిగినచోట గీత లావై, పైకి లేచేచోట వెంట్రుకలా సన్నబడుతుంది. కిటికీ గాజుబిళ్లల గుండా వచ్చిన ఎండ గోడను తాకినచోట గీతలు పలచబడతాయి, పైకప్పు దూలాల మీద కొయ్య ఈనెల వెంట పొడవుగా సాగుతాయి, ముందు పడుకున్న సింహం జూలులో వంపులు తిరుగుతాయి. జెరోము తల చుట్టూ ఉన్న కాంతి చాలావరకు ఖాళీ కాగితమే. నాకిచ్చిన ప్రతిలో నీడలన్నీ అలికినట్లు నల్లబడ్డాయి.

నేను వివరించబోయేలోగా, కౌంటరు దగ్గరున్న పెద్దావిడ, ఒకప్పుడు లేసు అల్లినవారట, భూతద్దం పెట్టి చూసి, "సందులు పూడుకుపోయాయండీ" అన్నారు. ఇంతకంటే సరైన విమర్శ నేనెక్కడా చదవలేదు.

రెండోసారి అసలు కొలతకే, మెరుపులేని నూలు కాగితం మీద, ఏ దిద్దుబాటూ లేకుండా తీసి, అదనంగా డబ్బు అడగలేదు. ఈ ప్రతిలో సింహం పక్కన నిద్రపోతున్న కుక్క ఒంటి మీది పొట్టి గీతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. రాగిరేకు ముద్రలో సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బి నిలుస్తుంది. యంత్రపు ప్రింటులో అది ఆశించకూడదు. ఫ్రేము పనితనం బాగుంది కానీ, అద్దం కాగితానికి ఆనించి బిగించారు. మన గోదావరి తేమకు అది బూజును పిలవడమే కనుక, మధ్యలో అట్ట మౌంటు పెట్టించుకున్నాను.

డ్యూరర్‌కు ముందుతరం జర్మన్ కళాకారుడు మార్టిన్ షోన్‌గౌవర్ చెక్కిన, దయ్యాలు పునీత అంతోనిని పీడించే శోధన చిత్రాన్ని, ఆ దయ్యాల పొలుసులూ ముళ్లూ చెడకుండా, ఇక్కడే తీయిస్తాను. కొలత, కాగితం రకం, "కరెక్షన్ వద్దు" అన్న మాట మాత్రం ఈసారి బిల్లు మీదే రాయిస్తాను.