పని ఎక్కువైతే ఇంకో రైటర్‌కి ఇవ్వాలా? నెలజీతమా, పీస్ రేటా, ఏది మేలు?

తిరుపతిలో ఫ్రీలాన్స్‌గా రాసేవాళ్లకు ఏడాది పొడవునా పని ఒకేలా రాదు. బ్రహ్మోత్సవాల ముందు హోటళ్లు, ట్రావెల్స్ వాళ్లు అందరూ ఒకేసారి అడుగుతారు. మామిడి సీజన్‌లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల పని రావచ్చు. ఆ తర్వాత కొన్ని నెలలు ఫోన్ మోగదు. సాయానికి మనిషిని ఎలా పెట్టుకోవాలన్నది ఈ ఎత్తుపల్లాలను చూసే తేల్చుకోవాలి.

నెలజీతం మీద ఒకరుంటే సుఖమే. మీ పద్ధతి వాళ్లకు అలవాటవుతుంది, రాత్రి వచ్చిన మార్పులు పొద్దున్నే చేసి పెడతారు. కానీ ఖాళీ నెలలోనూ జీతం ఇవ్వాలి. ప్రతి నెలా తప్పకుండా వచ్చే డబ్బులో ఇంటి ఖర్చు పోగా ఆ జీతం మిగులుతుంటేనే ఈ దారి పట్టండి. సీజన్ డబ్బు చూసి మనిషిని పెట్టుకుని, సంక్రాంతి దాటగానే మానిపించడం అన్యాయం.

పీస్ రేటుకి, అంటే రాసిచ్చినంత పనికే లెక్కగట్టి ఇస్తే ఆ భారం ఉండదు. అయితే లెక్క సరిగ్గా వేసుకోవాలి. క్లయింట్ పదానికి రూపాయిన్నర ఇస్తున్నారనుకుందాం. వెయ్యి పదాలకు 1,500. మీరే రాస్తే మూడు గంటలు, అంటే గంటకు 500. పదానికి 80 పైసల చొప్పున వేరేవాళ్లకు ఇస్తే 800 పోయి 700 మిగులుతుంది. వచ్చిన కాపీ, అంటే వాళ్లు రాసి పంపింది, దిద్దడానికి ముప్పావు గంట పడితే మీ గంటకు 900 పైనే. అదే మూడు గంటలు పడితే 233. మీరే రాసుకుంటే దానికి రెట్టింపు పైన వచ్చేది! లాభమంతా దిద్దే సమయంలోనే ఉంది. అందుకే ప్రతిసారీ కొత్తవాళ్లను, తక్కువ రేటువాళ్లను వెతకడం నాకు నచ్చదు. ఇద్దరే ఉండాలి, ఎప్పుడూ ఆ ఇద్దరే ఉండాలి.

వాళ్లు ఈ ప్రాంతం వాళ్లయితే మరీ మంచిది. ఇక్కడి కాపీల్లో దిద్దుబాటు ఎక్కువగా భాషలో ఉండదు, విషయంలో ఉంటుంది. పాత పేజీలు చూసి రాసేవాళ్లు ఇప్పటికీ తిరుపతిని చిత్తూరు జిల్లాలో పెడతారు. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా. శ్రీకాళహస్తి, చంద్రగిరి అందులోకి వచ్చాయి, కాణిపాకం చిత్తూరులోనే ఉంది. కొండకు నడిచే దారులు రెండింటినీ కలిపేసేవాళ్లూ ఉన్నారు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారి చాలా చిన్నది. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన ఆ పేజీ నమ్మి బయల్దేరితే? ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. విషయం తెలిసి, తెలుగు చక్కగా రాసే పిల్లలు వెతికితే దొరుకుతారు.

హక్కుల దగ్గర మాత్రం నెలజీతానిదే పైచేయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. ఫ్రీలాన్సర్ రాస్తే హక్కు సాధారణంగా రాసినవాళ్లదే. అది మీకు రావాలంటే సంతకంతో కాగితం ఉండాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కేస్తుంది. మీరు క్లయింట్‌కి శాశ్వత హక్కులు రాసిచ్చి ఉంటే ఈ రెండు మాటలు మర్చిపోవద్దు. జీఎస్టీ కూడా గుర్తుంచుకోండి. సేవలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే ఏడాదికి 20 లక్షల పరిమితి మీ మొత్తం రాబడి మీద, సాయం చేసినవాళ్లకు ఇచ్చింది పోను మిగిలినదాని మీద కాదు.

మూడో దారి, పనినే ఇంకొకరికి అప్పగించి మధ్యలోంచి తప్పుకోవడం. మీకు తెలియని వైద్యం, న్యాయం లాంటి విషయాలకు ఇదే మేలు. మీరు దిద్దలేని కాపీ మీద మీ పేరు ఉండకూడదు. ఇంకొకరితో రాయిస్తే ఆ సంగతి క్లయింట్‌కి ముందే చెప్పాలి. వద్దన్నవాళ్ల పని మీరే చేయండి.

నా ఓటు పీస్ రేటుకే, ఒక షరతుతో. ట్రయల్ కాపీకి కూడా డబ్బివ్వాలి. క్లయింట్ ఆలస్యం చేసినా రాసినవాళ్లకు చెప్పిన తేదీకి అందాలి. అందుకు రెండు నెలల చెల్లింపులకు సరిపడా డబ్బు పక్కన ఉంచుకున్నాకే మొదటి పని ఇవ్వండి.