రివ్యూ ఎస్.ఓ.ఎస్.: నల్గొండలో ఒక అత్యవసర విభాగం గురించి

ఈ సమీక్ష నల్గొండ పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగం గురించి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. భయపడి కాదు, నేను తప్పుపట్టబోయే పద్ధతి ఆ ఒక్క భవనానికే పరిమితం కాదని ఈ రెండు నెలల్లో పదిమందిని అడిగి తెలుసుకున్నాను కాబట్టి. వాళ్ల స్కానింగు యంత్రానికి ఐదు నక్షత్రాలు ఇస్తాను, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ ఓపికకు కూడా ఐదు ఇస్తాను. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన చీటీకి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వలేను. అన్నీ కలిపి రెండు అనుకోండి.

దసరాకు మూడు రోజుల ముందు మా నాన్న బత్తాయి తోట నుంచి టీవీఎస్ ఎక్సెల్ మీద ఇంటికి వస్తూ, ఊరి మొదట్లో కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ దగ్గర బండితో సహా పక్కకు ఒరిగిపోయారు. ఆయనకు 69 ఏళ్లు. హెల్మెట్ తోటలోనే, మోటారు స్టార్టరు డబ్బాకు వేలాడుతూ ఉంది. కుడి కణత పైన నిమ్మకాయంత బొప్పి కట్టింది, మోచెయ్యి గీరుకుపోయింది, స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. "ఏం గాలే బిడ్డా, జర దిమ్ముగున్నది, అంతే" అని ఆయనే నాకు ఫోను చేశారు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి కాబట్టి, వద్దన్నా వినకుండా నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ జరిగింది జరిగినట్లు చెప్పాలి. పది నిమిషాల్లో డాక్టరు చూశారు, అరగంటలో తలకు సీటీ స్కాను తీశారు, గంట లోపల రిపోర్టు వచ్చింది. కేసు షీటులో జి.సి.ఎస్. 15/15 అని రాశారు. గ్లాస్గో నగరంలోని వైద్యులు 1974లో రూపొందించిన కొలత అది. కళ్లు తెరవడం, మాట్లాడడం, చేతులు కాళ్లు కదిలించడం చూసి మార్కులు వేస్తారు, పదిహేను వస్తే ఆ సమయానికి మనిషి పూర్తి మెలకువలో ఉన్నట్లు. గాయానికి కట్టు కట్టి, టీటీ ఇంజెక్షను, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షను ఇచ్చారు. బిల్లు 4,600 రూపాయలు అయింది, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. "స్కాను నార్మల్ ఉన్నది పెద్దాయనా, దసరా మంచిగ చేసుకో" అని డాక్టరు భుజం తట్టి పంపించారు.

నాన్న రోజూ రాత్రి వేసుకునే మందుల గురించి ఎవరూ అడగలేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన మాత్ర అది. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది, ఆ కారణంగానే ఎక్కడైనా రక్తం కారడం మొదలైతే తొందరగా ఆగనివ్వదు. వాటికి తోడు డైక్లోఫెనాక్ పడితే రక్తం కారే అవకాశం ఇంకొంచెం పెరుగుతుందని తర్వాత తెలిసింది. అడగకపోవడం వాళ్ల తప్పైతే, చెప్పకపోవడం మా తప్పు. "గుండె మాత్రలు" అని మేము పిలుచుకునే వాటికి తల దెబ్బతో ఏం సంబంధం ఉంటుందని మాకు తోచనే లేదు.

చీటీలో చివరి వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో "రివ్యూ ఎస్.ఓ.ఎస్." అని ఉంది. మా అమ్మ అది ఇంకో మాత్ర పేరనుకొని మెడికల్ షాపులో అడిగింది. కౌంటరు మీద అబ్బాయి నవ్వి, "మందు కాదమ్మా, అవసరమైతే మళ్లీ రమ్మని" అన్నాడు. ఏది అవసరమో, ఎన్ని రోజుల దాకా కనిపెట్టుకొని ఉండాలో, ఏం కనిపిస్తే పరుగెత్తాలో ఆ చీటీలో లేదు, నోటితో చెప్పిన వాళ్లూ లేరు. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల ప్రోగ్రెస్ కార్డులో "అవసరమైతే చదవాలి" అని రాసి సంతకం పెడితే తల్లిదండ్రులు నన్ను ఊరుకోరు.

దసరా నాడు నాన్న జమ్మి చెట్టు దగ్గరికి నడిచే వెళ్లారు, వాడకట్టు అందరి చేతుల్లో బంగారం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నారు. బొప్పి కూడా తీసిపోయింది. మేము ఆ దెబ్బను మరిచిపోయాం.

తలకు దెబ్బ తగిలిన తర్వాత ఆలస్యంగా బయటపడే రక్తస్రావంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయని తర్వాత హైదరాబాదులో న్యూరో సర్జను వివరించారు. ఒకటి గంటల్లో తేలిపోయేది: కణత దగ్గర ఎముక చిట్లి, దాని లోపలి ధమని తెగినప్పుడు పుర్రెకూ మెదడు పైపొరకూ నడుమ రక్తం చేరుతుంది, మనిషి కాసేపు బాగానే మాట్లాడి, టీ తాగి, ఆ తర్వాత ఉన్నట్టుండి మగతలోకి జారిపోతాడు. రెండోది వారాలు తీసుకునేది, పెద్ద వయసు వాళ్లను పట్టేది. వయసు మీద పడేకొద్దీ మెదడు కొంచెం కొంచెంగా కుంచించుకుపోయి పుర్రెకు దూరం జరుగుతుంది, ఆ సందులో మెదడు నుంచి పైపొరకు వంతెనలా పోయే సన్నని సిరలు సాగి బిగుసుకొని ఉంటాయి, చిన్న కుదుపుకే వాటిలో ఒకటి చిట్లవచ్చు. సిర కాబట్టి రక్తం ధారగా కాక చెమ్మలా ఊరుతుంది. దాని చుట్టూ శరీరం పల్చని పొర ఒకటి కడుతుంది, ఆ పొరలో పుట్టే కొత్త రక్తనాళాలు నాసిగా ఉండి మళ్లీ మళ్లీ కారుతాయి, అలా గడ్డ పెరుగుతూ పోతుంది. కుంచించుకుపోయిన మెదడు చుట్టూ ఖాళీ ఉండడం వల్ల కొంతకాలం ఏ ఒత్తిడీ తెలియదు. ఖాళీ నిండిన రోజున తెలుస్తుంది.

మా ఇంట్లో ఆ రోజు దీపావళి. అంతకు ముందే సూచనలున్నాయి, మేము ప్రతిదానికీ ఏదో కారణం చెప్పుకున్నాం. పొద్దున లేవగానే తలనొప్పి అంటే ఎండ అన్నాం. పగలు కూడా కునుకు తీస్తుంటే వయసు అన్నాం. కాలు ఈడుస్తూ నడుస్తుంటే ఫ్లోరైడు అన్నాం. మునుగోడు, మర్రిగూడ వైపు పుట్టి పెరిగిన ముసలివాళ్ల నడక బిగుసుకొని ఉండడం మాకు కొత్త కాదు, ఆ నీళ్లు తాగిన కాళ్లకు ఇంకో జబ్బు కూడా రావచ్చన్న ఊహే రాదు. దీపావళి సాయంత్రం నాన్న గడప దగ్గర ప్రమిదలు వెలిగించడానికి కూర్చొని, ఎడమ చేతిలో అగ్గిపెట్టె పట్టుకొని కుడిచేత్తో పుల్ల గీయబోయారు. అగ్గిపెట్టె జారి కింద పడింది. ఆయన దాని వైపు చూడలేదు, ఖాళీ చెయ్యిని అలాగే పెట్టుకొని గాలిలో పుల్ల గీస్తూ ఉన్నారు. ఎడమ కాలి చెప్పు కూడా వాకిట్లోనే ఉండిపోయింది. "చెప్పు ఊడిపోయిన సోయి గూడ లేకపాయె" అని అమ్మ ఏడ్చింది.

ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు చూసి పక్షవాతం అన్నారు, పసరు మందు తాగించే ఊరు పేరొకటి పక్కింటాయన చెప్పారు. పక్షవాతం అనుకొని రక్తం పలచబరిచే మందు ఇంకొంచెం పెంచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. నల్గొండలోనే ఒక చిన్న క్లినిక్కులో, పండగ రాత్రి కూడా తలుపు తీసి పెట్టుకున్న ఒక యువ డాక్టరు నాడి పట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ నెలా రెండు నెలల్లో ఎక్కడన్న పడ్డరా తాతా?" ఈ సమీక్షలో ఐదుకు మించి నక్షత్రాలు ఇవ్వగలిగితే ఆ ఒక్క ప్రశ్నకు ఇస్తాను. రెండో ప్రశ్న మాత్రల గురించి.

మళ్లీ స్కాను. మొదటి ఫిల్ములో పుర్రె నిండా మెదడు సమంగా ఉంది. రెండో ఫిల్ములో కుడివైపున నెలవంక ఆకారంలో నల్లని మచ్చ ఉంది, మెదడు నడుమ గీత ఎడమకు జరిగిపోయింది. తాజా రక్తం స్కానులో తెల్లగా, పాతబడిన రక్తం నల్లగా కనిపిస్తుందని, ఆ రెండింటి నడుమ, సుమారు రెండో వారంలో, రక్తం అచ్చం మెదడు రంగులోనే ఉండి అనుభవం లేని కంటిని మోసం చేస్తుందని ఆ డాక్టరు లైటు బోర్డు ముందు నిలబెట్టి చూపించారు. మొదటి రోజు రిపోర్టు అబద్ధం కాదు, ఆ గంటకు అది నిజమే. రాత్రికి రాత్రే నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు చేరాం.

శస్త్రచికిత్స విషయం తొందరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ చెప్పుకోవడానికి మంచే ఉంది. పుర్రెకు రూపాయి బిళ్ల కంటే చిన్నవి రెండు రంధ్రాలు చేసి, లోపలి ద్రవాన్ని కడిగి తీశారు. పాత ఇంజనాయిల్ రంగులో ఉందని సర్జను చెప్పారు. రెండు రోజులు సన్నని గొట్టం పెట్టి మిగిలింది కారనిచ్చారు. రెండో రోజుకే నాన్న ఎడమ చేత్తో గ్లాసు పట్టుకున్నారు. జబ్బు ఎలా వచ్చిందో సర్జను చెబుతుంటే సగంలోనే అందుకొని, "డ్రిప్పు పైపుకు సూదంత బొక్క వడ్డట్టు. పైన మన్ను పొడిగనే ఉంటది, లోపల బురదైతది" అన్నారు. సర్జను ఒప్పుకున్నారు. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద పోయింది. 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితిని పది లక్షలకు పెంచారు కాబట్టి అదనపు పరీక్షలకు కూడా మేము డబ్బు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఇలా కడిగి తీశాక కూడా పదిమందిలో ఒకరిద్దరికి రక్తం మళ్లీ చేరవచ్చు. గుండె మాత్రలను మా అంతట మేము ఆపడం గానీ మొదలుపెట్టడం గానీ చేయకూడదని, తాము ఆపినవాటిని మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరూ తామూ మాట్లాడుకొని చెబుతామని వాళ్లు రాసి ఇచ్చారు. చక్కని తెలుగులో రాసి ఇచ్చారు.

2024 మార్చిలో సద్గురుగా పేరున్న ఆధ్యాత్మిక గురువు జగ్గీ వాసుదేవ్‌కు ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో మెదడులో రక్తస్రావానికి శస్త్రచికిత్స జరిగింది. అంతకు ముందు నాలుగు వారాలుగా తలనొప్పి ఉన్నా ఆయన పనులు ఆపలేదని పత్రికల్లో చదివాను. చదివి పక్కన పడేశాను. వార్తగా తెలిసింది అవసరానికి గుర్తుకు రాదు, ఫ్రిజ్ తలుపు మీద అతికించిన చీటీ అయితే కంటపడుతూ ఉంటుంది.

నల్గొండ ఆసుపత్రి ఆ రోజు నాన్నను ఇంటికి పంపడమే తప్పని నేను అనడం లేదు. స్కాను బాగున్న వాళ్లలో ఇలా ఆలస్యంగా రక్తం చేరేది చాలా కొద్దిమందికే. మెలకువగా ఉండి, ఇంట్లో చూసుకునే మనుషులుంటే పంపించడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. కానీ ఆ పద్ధతిలో సగం చీటీయే. 65 ఏళ్లు దాటడమే ఒక ప్రమాద సూచన అని తల దెబ్బలకు స్కాను ఎప్పుడు తీయాలో చెప్పే కెనడా వైద్యుల నియమం 2001 నుంచి చెబుతూనే ఉంది. అలాంటి మనిషికి మొదటి రోజు రాత్రి పక్కన ఒకరు ఉండాలని, తలనొప్పి పెరుగుతూ పోయినా, వాంతులు అయినా, లేపితే సరిగా లేవకపోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు బలం తగ్గినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురావాలని, ఆ తర్వాత కూడా నెలన్నర దాకా నడకనూ మతిమరుపునూ కనిపెట్టాలని, నొప్పికి పారాసిటమాల్ తప్ప సొంతంగా ఏ మాత్రా వేయకూడదని, కల్లూ మద్యమూ ముట్టుకోకూడదని అరపేజీలో రాయవచ్చు. జిరాక్సు రెండు రూపాయలు.

నాన్న ఇంటికి వచ్చాక రెండు ఫిల్ములూ చంకన పెట్టుకొని ఆ ఆసుపత్రి మేనేజరును కలిశాను. ఆయన కుర్చీ వేయించి, పావుగంట విన్నారు. "స్కాను నార్మల్ వచ్చింది కదా మేడమ్, మాదేం తప్పున్నది?" అని నిజంగానే అర్థం కాక అడిగారు. నేను చీటీ చూపించాను. ఎస్.ఓ.ఎస్. అంటే ఏమిటని ఆయన పక్కనున్న రిసెప్షన్ అమ్మాయిని అడిగారు. "సేవ్ అవర్ సోల్స్ సార్" అంది ఆ అమ్మాయి, మా ప్రాణాలు కాపాడండి అని. నవ్వాలో ఏడవాలో తెలియక లేచి వచ్చాను. తెలుగు చీటీ నమూనా ఒకటి టైపు చేయించి ఇచ్చాను, తీసుకొని సొరుగులో పెట్టుకున్నారు.

సంక్రాంతి తర్వాత నాన్నకు ఇంకో స్కాను ఉంది. అది అదే ఆసుపత్రిలో తీయిస్తాం, యంత్రం మంచిది, ఇంటికి దగ్గర. ఫిల్ము మాత్రం హైదరాబాదుకు తీసుకుపోయి చూపిస్తాం.