మార్ల్‌బరో వైనరీలో రాత్రి షిఫ్ట్

న్యూజిలాండ్ వైన్‌లో మూడింట రెండు వంతులకు పైగా మార్ల్‌బరో ప్రాంతం నుంచే వస్తుంది. అందులోనూ ఎక్కువ భాగం సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకం. నేను ఇంటర్న్‌షిప్‌కి అక్కడి వైనరీ ఎంచుకున్నప్పుడు ఆలోచించింది ఇంతవరకే. ఎక్కడ ఉండాలి, పనికి ఎలా వెళ్లిరావాలి అన్నవి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకున్నాను. అది పెద్ద పొరపాటు. ద్రాక్ష కోత మొదలయ్యాక నాది సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు దాకా షిఫ్ట్. పగలు కంటినిండా నిద్ర పట్టే గది దొరక్కపోతే ఈ పని చేయలేం.

ఫిబ్రవరి చివర్లో వెల్లింగ్టన్‌లో దిగి, ఫెర్రీలో పిక్టన్ చేరాను. ప్రయాణం దాదాపు మూడున్నర గంటలు. మార్ల్‌బరోలోని ముఖ్య పట్టణం బ్లెన్‌హైమ్‌కి చిన్న విమానాలు కూడా ఉన్నాయి. కుక్ జలసంధిలో కడుపులో బాగా తిప్పింది కానీ, ఓడ పచ్చటి కొండల మధ్య నీటిపాయలోకి వచ్చాక అలల ఊపు తగ్గిపోయింది. డెక్ మీద నిలబడి చూసిన ఆ చివరి గంట కోసమైనా ఫెర్రీలోనే వెళ్లమంటాను. పిక్టన్ నుంచి బ్లెన్‌హైమ్‌కి బస్సులో అరగంట. ఒక్క జాగ్రత్త: పొలంలో వాడిన బూట్లు తీసుకెళ్తే మట్టి ఏమాత్రం లేకుండా కడిగి, దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో రాయండి. ఇలాంటివి రాయకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. నేను రాశాను. అధికారి బూట్ల అడుగులు తిప్పి చూసి పంపేశారు.

మొదట బ్లెన్‌హైమ్‌లో ఒక హాస్టల్‌లో దిగాను. గదిలో ఆరు బంకులు. ట్రైనింగ్ జరిగిన రెండు వారాలు బాగానే ఉంది. ఊరి మధ్యలో ఉండేది, వంటగది పెద్దది, తోటల్లో పనిచేసే కుర్రాళ్లు నాలుగైదు దేశాల వాళ్లు పరిచయమయ్యారు. రాత్రి షిఫ్ట్ మొదలయ్యాక నరకం. ఉదయం ఎనిమిదికి పడుకుంటే పదింటికి గది ఊడ్చడానికి తలుపు కొట్టేవారు. గది మార్చమని రెండుసార్లు అడిగినా పట్టించుకోలేదు. బట్టల డ్రయ్యర్ ఒక్కటే, ఎప్పుడూ ఎవరివో బట్టలు తిరుగుతూనే ఉండేవి. ద్రాక్షరసంతో తడిసిన ఓవరాల్స్ ఆరకముందే మళ్లీ తొడుక్కుని వెళ్లిన రోజులున్నాయి.

మార్చి చివర్లో బ్లెన్‌హైమ్ పక్కనున్న చిన్న ఊరు రెన్విక్ దగ్గర మరో ముగ్గురు ఇంటర్న్‌లతో కలిసి ఇల్లు తీసుకున్నాను. అద్దె హాస్టల్ కన్నా ఎక్కువే. అయినా నలుగురిదీ ఒకే షిఫ్ట్ కాబట్టి మధ్యాహ్నం రెండింటికి కూడా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ తేడా చేతుల్లో తెలిసేది. నిద్ర లేని రోజుల్లో గొట్టాల క్లాంపులు బిగించడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వచ్చేది. పనికి వెళ్లడానికి మొదట సైకిల్ అద్దెకు తీసుకున్నాను. నేల చదునుగా ఉంటుంది, తొక్కడం తేలికే. కానీ తెల్లవారుజామున హైవే మీద ద్రాక్ష లారీల పక్కన, పన్నెండు గంటలు పనిచేసిన ఒంటితో సైకిల్ వద్దు. కారున్న తోటి ఇంటర్న్‌కి పెట్రోలు డబ్బులిచ్చి వెళ్లడమే మంచిది.

కోత రాత్రిపూట ఎందుకంటే, చల్లగా ఉన్న పండు వాసన నిలుస్తుంది, రసం గాలి తగిలి త్వరగా పాడవదు. యంత్రం వరుసకు అటూ ఇటూ కాళ్లేసినట్టు నడుస్తూ తీగల్ని కుదుపుతుంది, పండ్లు రాలిపడతాయి. లారీ వచ్చి తొట్టిలో దించగానే పచ్చగడ్డి, పాషన్ ఫ్రూట్ కలిసిన వాసన యార్డంతా కమ్మేసేది. నా పని చాలావరకు కడగడమే: కాస్టిక్ ద్రావణం, తర్వాత సిట్రిక్ యాసిడ్, తర్వాత నీళ్లు. మొదటి వారం నిరాశపడ్డాను. ఒకరాత్రి సరిగ్గా కడగని గొట్టం లోపలి వాసన సూపర్‌వైజర్ నాకు చూపించాక ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రెడ్ వైన్ చేసే ద్రాక్ష పీనో నువార్ ట్యాంకులు మాత్రం వేరే లోకం. పులుస్తున్నప్పుడు తొక్కలన్నీ పైకి తేలి మందంగా పేరుకుంటాయి. పొడవాటి కర్ర ఉన్న ప్లంజర్‌తో వాటిని కిందికి నొక్కాలి. మొదట కదలదు, తర్వాత ఒక్కసారిగా దిగి, వేడి ఆవిరి మొహానికి తగులుతుంది. ఆ ఆవిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి తల వంచి చూడనివ్వరు, గ్యాస్ మీటర్ లేకుండా ఆ వైపు వెళ్లనివ్వరు. ఈ విషయంలో మా వైనరీకి పూర్తి మార్కులు. అర్ధరాత్రి పెట్టే వేడి భోజనానికి కూడా.

ఏప్రిల్ మొదటి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి ఆ దేశంలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మళ్లీ రెండు! ఆ రాత్రి మా షిఫ్ట్ పదమూడు గంటలు. ఆ అదనపు గంటలో లారీ రాలేదు. సూపర్‌వైజర్ నన్ను పిలిచి, పక్కపక్కన ఉన్న నాలుగు ట్యాంకుల రసం రుచి చూపించారు. నదీ గులకరాళ్ల నేల నుంచి వచ్చినదానికీ, దక్షిణాన అవటేరే లోయ పండుకీ తేడా ఎక్కడుందో నాలుక మీద పట్టుకోవడం నాకు అక్కడే వచ్చింది.

సెలవు రోజున రపౌరా రోడ్డులో సైకిల్ మీద వైనరీలు చుట్టడం హాయి, హెల్మెట్ తప్పనిసరి. దక్షిణాన ఉన్న తీరపట్టణం కైకౌరాకి దారిలో సముద్రం పక్కన సీల్ జంతువులు కనిపిస్తాయి, ఒక పూట పెట్టుకోండి. 2016 భూకంపంలో ఆ దారి నెలల తరబడి మూసేశారు. మార్ల్‌బరోలో స్టీలు ట్యాంకులు చాలా దెబ్బతిన్నదీ అప్పుడే.

వెళ్లగానే ఐఆర్‌డీ నంబర్‌కి (అక్కడి పన్ను నంబర్) అప్లై చేయండి. అది లేకపోతే జీతంలో 45 శాతం పన్ను కింద కోస్తారు. పెద్ద వైనరీ అయితే ఒకే పని వారాల తరబడి చేయిస్తారు, జీతం, భోజనం పద్ధతిగా ఉంటాయి. చిన్నదైతే తోట నుంచి ల్యాబ్ దాకా అన్నీ ముట్టుకోవచ్చు. నాది పెద్దది. మళ్లీ అవకాశం వస్తే చిన్నదానికే వెళ్తాను. ఇంటర్వ్యూలోనే మొదట షిఫ్ట్ ఏదో, ఉండటానికి ఇల్లు వాళ్లే ఇస్తారో లేదో అడుగుతాను.