ప్లాంట్‌యూఎమ్ఎల్: కొన్నేళ్లు వాడాక, ఒక బృందాన్ని నడిపాక

మాదాపూర్‌లోని మా ఆఫీసులో డిజైన్లన్నీ కొన్నేళ్లుగా ప్లాంట్‌యూఎమ్ఎల్‌లోనే రాస్తున్నాం. యూఎమ్ఎల్ అంటే సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే ప్రామాణిక పద్ధతి, ఆ బొమ్మలు వేసే టూల్ ఇది. వారాంతాల్లో గచ్చిబౌలిలో ఇంజినీరింగ్ విద్యార్థులతో నడిపే మా ఓపెన్ సోర్స్ బృందంలోనూ అదే వాడుతున్నాం. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ బృందం కోసమే. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజే ఏదో ఒకటి సొంతంగా మార్చగలిగితే మళ్లీ వస్తారు, లేకపోతే రారు. ఆ విషయంలో నేను వాడిన మోడలింగ్ టూల్స్‌లో దీన్ని మించింది లేదు.

2009లో మొదలైన ఈ టూల్‌లో పెట్టెలు, బాణాలు మౌస్‌తో గీయక్కర్లేదు. ఎవరు ఎవరికి ఏం పంపుతున్నారో మామూలు టెక్స్ట్‌లో రాస్తే బొమ్మ అదే వేసి పెడుతుంది. ఆ ఫైలు, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కోడ్ పక్కనే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చే ఒక సెకండియర్ అమ్మాయి మా పేమెంట్ డయాగ్రమ్ చూసి, బ్యాంకు నుంచి జవాబు రాకపోతే ఏమవుతుందో ఇందులో లేదే అని అడిగింది. ఇలా అయితే ఒకటి, లేకపోతే మరొకటి అని చూపే ‘ఆల్ట్’ బ్లాక్‌లో ఒక ‘ఎల్స్’, దాని కింద ఒక బాణం చేర్చి, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపింది. పాత, కొత్త ఫైళ్ల తేడాలు చూపే డిఫ్‌లో కొత్తగా కనిపించినవి ఆ రెండు లైన్లే. చదవడానికి నిమిషం పట్టలేదు, ఆ రాత్రే కలిపేశాం. "ఇంతేనా అక్కా?" అంది. ఇప్పుడు కొత్తవాళ్ల మార్పులు ముందుగా చూసేది తనే.

మౌస్‌తో గీసే మరో యూఎమ్ఎల్ టూల్ ఎక్లిప్స్ పాపిరస్‌లో ఇదే పని ఇంత తేలిక కాదు. మోడల్ ఒక ఫైల్లో, బొమ్మ ఆకారం నోటేషన్ ఫైల్లో ఉంటాయి, రెండూ ఎక్స్ఎమ్ఎల్. పెట్టెను కాస్త పక్కకు జరిపినా నోటేషన్ ఫైలు మారిపోతుంది. ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే ఆ మార్పులను కలపడం (మెర్జ్) పెద్ద తలనొప్పి. మోడళ్ల తేడాలు చూపి కలిపే ఈఎమ్ఎఫ్ కంపేర్ సాయపడుతుంది గానీ, అది నేర్చుకునేలోపు విద్యార్థి ఓపిక అయిపోతుంది. అయితే పాపిరస్‌లో ఉన్నది అసలైన మోడల్. ఒక క్లాసు పేరు ఒకచోట మారిస్తే అన్ని డయాగ్రమ్‌లలోనూ మారుతుంది. ప్లాంట్‌యూఎమ్ఎల్‌లో ఆ సదుపాయం లేదు, ప్రతి ఫైల్లోనూ మనమే వెతికి మార్చాలి. మోడల్ నుంచే కోడ్ తయారు చేసుకోవాల్సినవాళ్లు పాపిరస్‌కే వెళ్లాలి.

ఆర్గోయూఎమ్ఎల్ అనే పాత టూల్‌ను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒకప్పుడు ఎంతోమంది విద్యార్థులు యూఎమ్ఎల్ నేర్చుకున్నది దాంతోనే. 2005లో యూఎమ్ఎల్ 2.0 వచ్చినా అది యూఎమ్ఎల్ 1.4 దగ్గరే ఉండిపోయింది, 2011 నాటి 0.34 వెర్షన్ తర్వాత దాదాపు ఆగిపోయింది. దాని పాత వెబ్ చిరునామా టిగ్రిస్ కూడా 2020లో మూతపడింది. అంత పెద్ద మార్పును మోయడానికి కొద్దిమంది పాతవాళ్లు సరిపోరు. అందుకే మా దగ్గర చిన్న చిన్న పనులు కొత్తవాళ్ల కోసం విడిగా ఉంచుతాం, సీనియర్లను వాటి జోలికి వెళ్లనివ్వం.

ప్లాంట్‌యూఎమ్ఎల్‌కూ లోపాలున్నాయి. క్లాస్ డయాగ్రమ్‌లలో పెట్టెల అమరికను గ్రాఫ్‌విజ్ అనే మరో ప్రోగ్రామ్‌కు వదిలేస్తుంది. పెట్టెలు పెరిగేకొద్దీ బాణాలు చిక్కుపడతాయి, కావాలన్న చోట పెట్టడానికి కనిపించని గీతలు చేరుస్తూ కూర్చోవాలి. తెలుగు రాయొచ్చు. ఫైలు యూటీఎఫ్-8లో, పేర్లు డబుల్ కోట్స్‌లో ఉండాలి, మెషిన్లో తెలుగు ఫాంట్ ఉండాలి. చూసేవాళ్ల మెషినే అక్షరాలు గీసే ఎస్వీజీ ఫార్మాట్‌లో మాత్రం అక్షరాల వెడల్పు ముందే లెక్కగట్టి రాసేస్తుంది కాబట్టి, చూసేవాళ్ల దగ్గర వేరే ఫాంట్ ఉంటే ఒత్తులు, గుణింతాలు సాగినట్టో నలిగినట్టో కనిపిస్తాయి. తెలుగు బొమ్మలకు పీఎన్జీ నయం.

ఒక్క పూట వర్క్‌షాప్ అయితే టెక్స్ట్ నుంచి బొమ్మలు వేసే మరో టూల్ మెర్మెయిడ్ చాలు. ప్లాంట్‌యూఎమ్ఎల్‌లా జావా అక్కర్లేదు, 2022 నుంచి గిట్‌హబ్ దాని బొమ్మలను నేరుగా చూపిస్తోంది.

ప్లాంట్‌యూఎమ్ఎల్ పబ్లిక్ సర్వర్ వాడేవాళ్లకు ఒక్క మాట. డయాగ్రమ్ మొత్తం దానికి వచ్చే లింకులోనే ఎన్‌కోడ్ అయి ఉంటుంది, లింకు దొరికినవాళ్లు మీ డిజైన్ చదివేయొచ్చు. మేం డాకర్‌లో సొంత సర్వర్ పెట్టుకున్నాం. ఆఫీసు పనికి వాడేటట్టయితే ముందు ఆ ఏర్పాటు చేసుకోండి.