పోస్టింగ్ సామాను దారిలో దెబ్బతింటే: బీమా మేలా, రవాణా సంస్థ పూచీ మేలా?

సికింద్రాబాద్ నుంచి పఠాన్‌కోట్‌కో, విశాఖపట్నం నుంచి జామ్‌నగర్‌కో పోస్టింగ్ వచ్చిన సైనిక కుటుంబాలు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. ప్యాకర్స్ వారు కొటేషన్‌లో చూపించే ఇన్సూరెన్సు సొమ్ము కట్టడం మంచిదా, లేక అది మానుకుని, ఏదైనా పగిలితే రవాణా సంస్థ నుంచే రాబట్టుకోవడం మంచిదా అన్నదే ఆ ప్రశ్న. సామాను తరలింపునకు ప్రభుత్వం ఇచ్చేది పే లెవెల్‌ను బట్టి రవాణా ఖర్చు, దానితోపాటు బదిలీ ఖర్చుల కోసం ఒకేసారి ఇచ్చే ట్రాన్స్‌ఫర్ గ్రాంటు మాత్రమే. ఫ్రిజ్ సొట్టపోతే పరిహారం అందులో ఉండదు. అమెరికా సైన్యంలో ప్రభుత్వమే రవాణాదారును కుదురుస్తుంది కనుక, గడువులోగా క్లెయిమ్ పెడితే కొత్త వస్తువు ఖరీదు మేరకు ఆ రవాణాదారే చెల్లించవలసి ఉంటుంది. మన దగ్గర ఒప్పందం జవానుకూ ప్యాకర్స్‌కూ మధ్యనే కాబట్టి ఆ పద్ధతిని ఇక్కడ ఆశించడానికి వీలులేదు.

ముందుగా రవాణా సంస్థ పూచీ సంగతి. చాలామంది అనుకునే దానికన్నా చట్టం గట్టిగానే ఉంది. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం, నష్టం రవాణాదారు నిర్లక్ష్యం వల్లనే జరిగిందని సామాను యజమాని రుజువు చేయనక్కరలేదు. పాత చట్టంలోని ఇటువంటి నియమం వినియోగదారుల ఫోరాలకు కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఎక్కువ పూచీ కోసం అదనపు రేటు కట్టకపోయినా, రవాణా కూలికి పది రెట్ల వరకు బాధ్యత ఉంటుంది. అంటే ముప్పై వేల కూలికి మూడు లక్షల దాకా అన్నమాట, ఒక హవల్దారు ఇంటి సామానుకు ఇది తక్కువేమీ కాదు. అయితే ఆ మొత్తం బుకింగ్ పత్రంలో మనం ప్రకటించిన విలువను మించరాదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ‘విలువ ఎక్కువ రాస్తే ఈ-వే బిల్లు అడుగుతారు, చెక్‌పోస్టులో ఆపుతారు’ అని చెప్పి చాలామంది ప్యాకర్స్ ఇరవై వేలో, పాతిక వేలో రాసి సంతకం చేయించుకుంటారు. సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు, వాడిన గృహోపకరణాలకు అవసరమే లేదు. ఆ మాటను నమ్మి విలువ తగ్గించి రాయించిన వారు పది రెట్ల నియమాన్ని చేజేతులా వదులుకున్నట్లే.

నష్టం గురించి లిఖితపూర్వక నోటీసు, సామాను బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకు అందాలి. డెలివరీ అయిన రోజు నుంచి కాదన్నది గమనించాలి. పైగా మనతో మాట్లాడిన ప్యాకర్స్ వేరు, లారీ నడిపించిన ట్రాన్స్‌పోర్టు వేరు కావచ్చు కనుక, రసీదు మీద ఎవరి పేరు ఉందో వారికీ, డబ్బు తీసుకున్న వారికీ ఇద్దరికీ నోటీసు పంపడం క్షేమం.

ఇక బీమా. నా మొగ్గు ఇటువైపే, కాని ఒక షరతు మీద: లారీ కదలకముందే, బీమా కంపెనీ జారీ చేసిన, మీ పేరున్న పాలసీ కాగితం మీ చేతిలో ఉండాలి. ప్యాకర్స్ తమ బిల్లులో ‘ఇన్సూరెన్సు’ అని ఒక వరుస రాసి, సామాను విలువ మీద మూడు శాతమో ఎంతో వసూలు చేసినంత మాత్రాన బీమా ఉన్నట్లు కాదు. పాలసీ నంబరు అడిగితే ‘మాదే గ్యారంటీ సార్’ అని జవాబు వస్తే, అది ఎక్కువ డబ్బు కట్టి కొనుక్కున్న రవాణా సంస్థ పూచీ మాత్రమే. పాలసీలో సకల ప్రమాదాలకూ వర్తించే ‘ఎ’ తరగతి క్లాజు ఉందో లేదో చూడాలి. ‘బి’ తరగతి లారీ బోల్తా, మంటలు వంటి పెద్ద ప్రమాదాలకే, ‘సి’ తరగతి మంటలు, పిడుగుపాటులకే గాని, కుదుపులకు పగిలిన టీవీకి పనికిరావు. ‘ఎ’ తరగతిలో కూడా ప్యాకింగ్ సరిగా లేకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని మినహాయిస్తారు. పైకి దెబ్బ కనిపించకుండా ఎలక్ట్రానిక్ వస్తువు పనిచేయకపోతే సాధారణంగా ఒప్పుకోరు.

అన్ని లోపాలున్నా బీమాకే మొగ్గడానికి కారణం సైనికుడి పరిస్థితి. ఆయన కుటుంబాన్ని వెంట ఉంచుకోలేని ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉంటాడు, సామాను శ్రీకాకుళంలోనో ఒంగోలులోనో భార్య దించుకుంటుంది, ప్యాకర్స్ ఆఫీసు మూడో ఊళ్లో ఉంటుంది. రవాణా సంస్థ వెంటపడాలంటే ఫోన్లు ఎత్తని ఆ మూడో ఊరి ఆఫీసుతో సెలవు దొరికినప్పుడల్లా పోరాడాలి. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరైతే సామాను ఉన్నచోటికే వస్తాడు. కంపెనీ కాదంటే, బీమా కంపెనీల మీద ఫిర్యాదులను విచారించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఫీజు లేకుండా ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

బీమా ఉంది కదా అని రవాణాదారుకు నోటీసు మానేయకూడదు. తాను చెల్లించిన సొమ్మును బీమా కంపెనీ తర్వాత రవాణాదారు నుంచి రాబట్టుకుంటుంది. ఆ హక్కును మీరు కాపాడకపోతే క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు. అందుచేత సామాను దించుకునే వారికి ముందే చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది: డ్రైవరు తొందరపెట్టినా ‘అన్నీ సరిగ్గా అందాయి’ అన్నచోట ఉత్త సంతకం పెట్టకుండా, పగిలినవాటి పేర్లు రసీదు మీదనే రాసి, ఫొటోలు తీసి, ఆ తర్వాతే సంతకం చేయాలి.

వినియోగదారుల కమిషన్‌ను నేను వేరే మార్గంగా కాక, పై రెండింటిలో ఏది మొండికేసినా ఆఖరున తొక్కే గడపగానే చూస్తాను. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయవచ్చు కనుక, సైనికులకు ఇది మునుపటికన్నా చాలా అనుకూలమైంది. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు.

రైల్వే పార్సిల్‌లో విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే పరిహారం నామమాత్రమే. మాట మీద కుదుర్చుకున్న లారీలో పంపితే అడగడానికి కాగితమే ఉండదు.

పక్క జిల్లాకు నాలుగు మంచాలు, వంటసామాను పంపేవారికి మాత్రం నేను పాలసీ కొనమని చెప్పను. బుకింగ్ పత్రంలో అసలు విలువ రాయించి రసీదు దాచుకుంటే వారికి అది సరిపోతుంది.